లోపలి వీధుల్లో నడకకు, సైకిల్‌కు మొదటి చోటు: దేనితో మొదలుపెట్టాలి?

వీధిపటం (ప్రశ్న)

నమస్కారం. ఒక నివాస ప్రాంతంలోని లోపలి వీధులను నడిచేవాళ్లకూ సైకిల్ తొక్కేవాళ్లకూ అనువుగా మార్చే ప్లాన్ తయారవుతోంది. ప్రాంతం సుమారు 640 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు. నాలుగు వైపులా పెద్ద రోడ్లు, లోపల గళ్లగళ్లుగా వీధులు. వాటిలో రెండు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోతాయి. బయటి సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టం లేనివాళ్లంతా ఆ రెండు వీధుల్లోంచే దూసుకెళ్తారు. గోడ నుంచి గోడకు వెడల్పు కొన్ని వీధుల్లో 9 మీటర్లు, కొన్నింట్లో 12. ఫుట్‌పాత్ ఉన్నచోట ఎగుడుదిగుడు, లేనిచోట నిలిపిన బండ్లు.

ఇప్పటి డ్రాఫ్టులో ఉన్నవి: ప్రతి 50 మీటర్లకు ఒక స్పీడ్ బ్రేకర్, రోడ్డు అంచున రంగు గీతతో సైకిల్ దారి, అన్ని వీధులూ వన్‌వే, ప్రతి మలుపులో 30 కి.మీ. బోర్డు.

నా సందేహాలు మూడు. ఈ పనుల వరుస సరైనదేనా? 9 మీటర్ల వీధిని ఎలా పంచాలి? ఫైరింజన్, అంబులెన్స్, చెత్త లారీ ఇబ్బంది పడకుండా కార్ల అడ్డదారిని ఎలా మూయాలి? చేసినవాళ్లు కొలతలతో చెబితే డ్రాయింగుల్లో పెట్టుకోవచ్చు.

---

నాలుగురోడ్లు

డ్రాఫ్టులో ఉన్నవన్నీ దాదాపు వేగం తగ్గించడానికే. మీ సమస్యలో వేగం సగమే. ఆ ప్రాంతంలో ఏ పనీ లేని బండ్లు అక్కడికి రావడం మిగతా సగం. గంటకు మూడు నాలుగు వందల కార్లు పోయే వీధిలో, అవి నెమ్మదిగా పోయినా సరే, పిల్లల్ని సైకిల్ మీద పంపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందుకే ఏ బండి ఎటు నుంచి ఎటు పోవచ్చో ముందు తేల్చండి. స్పీడ్ బ్రేకర్ల సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

మొదటి పని నంబర్ ప్లేట్ల సర్వే. తిన్నటి వీధులు రెండింటికీ రెండు చివర్లలో మనిషినో ఫోన్ కెమెరానో పెట్టి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ప్లేటు చివరి నాలుగు అంకెలూ, సమయం నిమిషాలతో సహా రాసుకోండి. 640 మీటర్లు 20 కి.మీ. వేగంతో పోతే రెండు నిమిషాల లోపే పడుతుంది. అక్కడక్కడా ఆగినా నాలుగు నిమిషాలకు మించదు. ఒక చివర లోపలికొచ్చి నాలుగు నిమిషాల్లో ఇంకో చివర బయటపడిన బండి అడ్డదారిన పోయేదే. మధ్యలో ఎవరినైనా దించి పోయేవి కొన్ని ఈ లెక్కలో కలిసిపోతాయి, మొత్తం బొమ్మ మాత్రం మారదు. ఈ అంకెలు చేతిలో లేకుండా సమావేశానికి వెళ్తే చర్చ అభిప్రాయాల దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత మ్యాపు మీద ప్రాంతాన్ని నాలుగు భాగాలు చేయండి. ప్రతి భాగంలోకీ దాన్ని ఆనుకున్న పెద్ద రోడ్డు నుంచి కారు రావచ్చు, మళ్లీ అదే రోడ్డు మీదికి పోవచ్చు. ఒక భాగం నుంచి పక్క భాగానికి మాత్రం కారులో లోపలి నుంచి దారి ఉండకూడదు. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఎటైనా దారి ఉండాలి. ఏ ఇంటికైనా కారు చేరుతుంది, కాకపోతే కొన్ని ఇళ్లకు కొంచెం చుట్టు తిరగాలి. సైకిల్ మీద దగ్గర, కారులో దూరం అన్నదే ఈ పద్ధతికి మూలం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977లో నగర కేంద్రాన్ని నాలుగు భాగాలు చేసింది ఇలాగే. బెల్జియంలోని గెంట్ 2017 ఏప్రిల్‌లో కేంద్రం చుట్టూ ఆరు భాగాలు చేసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి కారు పోవాలంటే రింగు రోడ్డెక్కాలని పెట్టింది. బార్సిలోనా సూపర్‌బ్లాక్ కూడా ఈ కోవలోదే: సుమారు 400 మీటర్ల చదరంలో తొమ్మిది బ్లాకులు, లోపల గంటకు 10 కి.మీ. మీ ప్రాంతం కొలతలు ఈ సూపర్‌బ్లాక్‌కు మరీ దూరంగా లేవు.

ఇక మూయడం ఎక్కడ, ఎలా? మీవి గళ్ల వీధులు కాబట్టి కూడలిలో వికర్ణంగా, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు, బొలార్డుల (బండ్లను ఆపే పొట్టి గుంజల) వరస పెట్టండి. నాలుగు రోడ్ల కూడలి రెండు మలుపులుగా విడిపోతుంది. తిన్నగా పోయే దారి తెగుతుంది, కానీ ఏ వీధీ మూసుకుపోదు. చెత్త లారీ వెనక్కి రావాల్సిన అవసరం రాదు. వీధి మధ్యలో అడ్డం పెడితే లారీ తిరగడానికి చోటుండదు, రివర్సులో రావాల్సి వస్తుంది. నడిచేవాళ్లు తిరిగే వీధిలో అంతకంటే ప్రమాదకరమైన పని లేదు.

కొలతలు: కూడలిలో కలిసే రెండు రోడ్లూ 6 మీటర్ల వెడల్పు, మూలల వంపు (వ్యాసార్ధం) 4 మీటర్లు అనుకుంటే, మూల నుంచి మూలకు సుమారు 11.8 మీటర్లు వస్తుంది. 20 సెంటీమీటర్ల మందం బొలార్డులు ఆరు, మధ్యలో 1.5 మీటర్ల ఖాళీలు ఏడు పెడితే 11.7 మీటర్లు సరిపోతాయి. బొలార్డుల సంఖ్య సరిసంఖ్యగా ఉంచితే సరిగ్గా నడిమధ్యన ఖాళీ వస్తుంది, తిన్నగా వచ్చే సైకిల్‌కు గుంజ ఎదురుకాదు. లోపలి మూల నుంచి బొలార్డుల వరసకు మిగిలేది 5.9 మీటర్లే. అక్కడ రోజూ వచ్చే లారీని పిలిపించి, ట్రాఫిక్ కోన్లు వరసగా పెట్టి నిజంగా తిప్పి చూడండి. డ్రాయింగు మీద తిరిగిన లారీ మూలన నిలిపిన ఒక్క బండి వల్ల ఇరుక్కుంటుంది, అందుకే ఆ మలుపు లోపలి పక్క పార్కింగ్ ఉండకూడదు.

ఒక్క వీధిని మాత్రం మూసి ఊరుకోకండి. రద్దీ మొత్తం పక్క వీధికి మారుతుంది, ఆ వీధివాళ్లు న్యాయంగానే అడ్డుపడతారు. రెండు తిన్నటి వీధులూ ఒకే రోజు తెగాలి. తెగితే ఆ బండ్లన్నీ పెద్ద రోడ్డు మీద పడతాయన్న భయం సహజం. 2002లో కెయిర్న్స్, ఆట్కిన్స్, గుడ్విన్ అనే పరిశోధకులు 11 దేశాల్లో రోడ్డు చోటు తగ్గించిన 70కి పైగా సందర్భాలను పరిశీలిస్తే, చుట్టుపక్కల రోడ్లు కూడా కలుపుకుని మధ్యస్థంగా (అంకెలను వరసగా పేర్చితే నడిమధ్యన వచ్చేది) 11 శాతం దాకా రద్దీ తగ్గినట్టు తేలింది. సగటు అంతకంటే ఎక్కువే. కొందరు వేళ మార్చుకుంటారు, కొందరు దారి, కొందరు బండే మానేస్తారు. అయినా మొదటి కొన్ని వారాలు పెద్ద రోడ్డు మీద ఇబ్బంది ఉంటుందని ముందే చెప్పండి.

సైకిళ్లు, కార్లు కలిసి పోగల వీధికి రోజుకు 1000 నుంచి 2000 బండ్లు పరిమితి అని చాలా మార్గదర్శకాలు చెబుతాయి. రద్దీ గంటలో రోజు మొత్తంలో పదో వంతు వస్తుందనుకుంటే, 1000కి గంటకు 100, అంటే నిమిషానికి రెండు కూడా ఉండవు. లోపలి వీధి ఆ స్థాయికి దిగితే అక్కడ రంగు గీతల సైకిల్ దారి అక్కర్లేదు. దిగకపోతే ఆ గీత ఎవరినీ కాపాడదు.

---

కెర్బ్‌రాయి

పైన చెప్పిన వరస సరైనదే. నేను కొలతల సంగతి చెబుతాను.

ముందు 30 ఎందుకో మీ సమావేశంలో ఇలా చూపించండి. డ్రైవరు స్పందించడానికి ఒక సెకను, పొడి రోడ్డు మీద గట్టి బ్రేకు అనుకుంటే, 30 కి.మీ. వేగంతో వచ్చే కారు సుమారు 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే 30 కారు ఆగిపోయిన చోటుకు చేరేసరికి 50 కారు ఇంకా బ్రేకు మొదలుపెట్టనే లేదు. అది పూర్తిగా ఆగడానికి 28 మీటర్లు కావాలి. నేల మీద సున్నంతో ఈ రెండు గీతలూ గీసి నిలబెడితే వివరణ అవసరం ఉండదు.

9 మీటర్ల వీధికి: ఫుట్‌పాత్ 2.1, రోడ్డు 4.8, ఫుట్‌పాత్ 2.1. 4.8 మీటర్లలో ఒక కారు, ఒక లారీ నెమ్మదిగా తప్పుకుంటాయి, రెండు కార్లకైతే 4.1 చాలు. ఇందులో రోడ్డు పక్క పార్కింగ్‌కు చోటు లేదు. పార్కింగ్ కూడా కావాలంటే వన్‌వే చేయాలి, లేదా ఒక ఫుట్‌పాత్ పోగొట్టుకోవాలి. రెండోది చేయకండి. 12 మీటర్ల వీధికి: ఫుట్‌పాత్‌లు 2.2 చొప్పున, రోడ్డు 5, పార్కింగ్‌కూ చెట్లకూ కలిపి 2 మీటర్ల పట్టీ, మిగిలిన 60 సెంటీమీటర్లు స్తంభాలకూ కరెంటు పెట్టెలకూ. ఆ 2 మీటర్ల పట్టీని మొత్తం ఒకే పక్కన పెట్టకుండా 40, 50 మీటర్లకోసారి పక్క మార్చండి. రోడ్డు తనంతట తానే వంకర తిరుగుతుంది, తిన్నగా చూపు సాగదు, వేగం తగ్గుతుంది. చివర్లలో కెర్బ్ రాయి (ఫుట్‌పాత్‌కు కట్టే అంచు రాయి) కట్టి చెట్టు పెట్టకపోతే మాత్రం పార్కింగ్ ఖాళీగా ఉన్న వేళ మళ్లీ తిన్నటి రోడ్డే.

ఒక కొలత విషయంలో జాగ్రత్త. దారి ఇరుకు చేసేచోట ఒక లేను వెడల్పు 3.2 నుంచి 3.9 మీటర్ల మధ్య పడకూడదు. ఆ వెడల్పులో సైకిల్‌ను దాటేయొచ్చని కారు డ్రైవరుకు అనిపిస్తుంది, నిజానికి చోటు చాలదు, సైకిల్ అంచుకు నెట్టుకుపోతుంది. 3 మీటర్లు పెడితే కారు వెనకే ఉంటుంది. ఫైరింజన్ ఒళ్లు సుమారు 2.5 మీటర్లే కాబట్టి కొద్ది దూరం 3 మీటర్ల ఇరుకులోంచి పోగలదు. భవనం ముందు నిలబెట్టి పనిచేయడానికి మాత్రం అంతకంటే వెడల్పు కావాలి. అందుకే ఇరుకు చేసే చోట్లు ఎత్తయిన భవనాల ముఖద్వారాల ఎదురుగా రాకుండా చూసి, అగ్నిమాపక శాఖవాళ్లతో డ్రాయింగు మీద సంతకం చేయించుకోండి.

అన్నింటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది మూల వంపు. పక్క వీధి 6 మీటర్లు, మూల వంపు 9 మీటర్లు ఉంటే, ఫుట్‌పాత్ మీద కెర్బ్‌కు మీటరు లోపలగా నడిచే మనిషి ఆ వీధి నోటి దగ్గర దాటాల్సిన దూరం దాదాపు 15.8 మీటర్లు. అదే వంపును 3 మీటర్లు చేస్తే 7.5 మీటర్లు. నెమ్మదిగా, సెకనుకు మీటరు చొప్పున నడిచే పెద్దావిడకు 16 సెకన్ల ప్రమాదం ఎనిమిది సెకన్ల లోపుకు దిగుతుంది. పైగా వంపు బిగుతైతే కారు వేగంగా తిరగలేదు. అరుదుగా వచ్చే పెద్ద లారీ కోసం 3 మీటర్ల వంపుకూ పాత వంపుకూ మధ్య గరుకు రాళ్లతో 3, 4 సెంటీమీటర్ల ఎత్తున పరిస్తే లారీ దాని మీదుగా ఎక్కి పోతుంది, కార్లు తప్పించుకుని తిరుగుతాయి. నడిచేవాళ్లు ఆగి నిలబడే చోటు ఆ గరుకు భాగం వెనక ఉండాలి.

లోపలి వీధి పెద్ద రోడ్డును కలిసే ప్రతి నోటి దగ్గరా ఫుట్‌పాత్‌ను అదే ఎత్తులో, అదే రాయితో వీధికి అడ్డంగా కొనసాగించండి. కారు ఎక్కి దిగాలి, మనిషి కాదు. ఇందులో తరచుగా చెడేది నీటి వాటం. పైకెత్తిన దారి కాలువకు అడ్డకట్ట అవుతుంది, ఎగువ పక్క నీళ్లు నిలుస్తాయి. కట్టకముందే ఎగువన రెండు అంచుల్లోనూ కొత్త జాలీ పెట్టి కాలువకు కలపాలి. జాలీ కమ్మీలు సైకిల్ పోయే దిశకు అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే సన్న చక్రం దిగిపోతుంది.

స్పీడ్ బ్రేకర్లు కావాలనుకుంటే పొడవాటివి వేయండి: ప్రయాణ దిశలో 3.7 మీటర్లు, ఎత్తు 75 నుంచి 100 మిల్లీమీటర్లు, మొదలూ చివరా నేలలో కలిసిపోయే అల ఆకారం. ఒకదానికొకటి 60 నుంచి 80 మీటర్లు. మార్కెట్లో దొరికే రబ్బరు పట్టీలు వద్దు. అడుగు వెడల్పు గట్టు మీద వేగంగా పోయే కారుకు స్ప్రింగులే కుదుపును మింగేస్తాయి, నెమ్మదిగా పోయే సైకిల్‌కూ అంబులెన్స్‌లోని రోగికీ మాత్రం దెబ్బ పూర్తిగా తగులుతుంది.

---

వీధిపటం

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. వికర్ణంగా మూసే ఆలోచన మా మ్యాపుకు బాగా కుదురుతుంది. ఒక అడ్డంకి: 1.5 మీటర్ల ఖాళీలోంచి మోటార్‌సైకిళ్లు యథేచ్ఛగా పోతాయి. కాంట్రాక్టరు ఖాళీలను 90 సెంటీమీటర్లకు తగ్గించి, మధ్యన గొలుసు కడదామంటున్నారు. ఇంకొకటి, వన్‌వే గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

---

రెండుచక్రాలు

90 సెంటీమీటర్లకు ఒప్పుకోకండి. మోటార్‌సైకిల్ హ్యాండిల్ వెడల్పు, మామూలు సైకిల్ హ్యాండిల్ వెడల్పు ఇంచుమించు ఒకటే. ఖాళీ తగ్గించి ఒకదాన్ని ఆపుతూ ఇంకోదాన్ని వదలడం సాధ్యం కాదు. 90 పెడితే ఆగిపోయేది ఎవరంటే సామాన్ల ట్రైసైకిల్, చేత్తో తొక్కే మూడు చక్రాల బండి. సైకిల్ దారులు గీసేటప్పుడు లెక్కలోకి తీసుకునే పెద్ద సైకిల్ బండి కొలత 2.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. 1.5 ఖాళీ దాని నుంచి వచ్చిందే. అదే ఖాళీ కారును దాదాపు ఎప్పుడూ పోనివ్వదు.

గొలుసు అసలే వద్దు. చీకట్లో సైకిల్ మీద వచ్చేవాళ్లకు అది కనబడదు, చేతికర్రతో నడిచే చూపులేనివాళ్ల కర్ర దాని కిందుగా పోతుంది.

మోటార్‌సైకిళ్లను పూర్తిగా ఆపలేరు, నెమ్మది చేయగలరు. బొలార్డుల వరస ఉన్న చోటును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపండి. ఆ ఎత్తు ఎక్కి దిగేటప్పుడు మోటార్ బండి నెమ్మదించక తప్పదు. ఇంతా చేశాక కూడా బండ్లు పోతూనే ఉంటే మిగిలినవి నిషేధపు బోర్డు, తనిఖీ. కార్లు పోయాక మిగిలిన రద్దీ ఎంతో లెక్కపెట్టి, అప్పుడు దీని గురించి ఆలోచించండి.

బొలార్డుకు మీటరు ఎత్తు, పైన మెరిసే పట్టీ, నేల రంగుకు భిన్నమైన రంగు ఉండాలి. మోకాలెత్తు గుంజలు కారు రివర్సు చేసేటప్పుడు కనబడవు, వాటిని వారానికొకటి విరగ్గొడతారు. ఫైరింజన్ దారిలో రెండిటిని తీయగలిగేవిగా పెట్టండి, తాళం అగ్నిమాపక శాఖ వాడేదే కావాలి. ఇక్కడ చిన్నదైనా తప్పనిసరి విషయం: గుంజ తీశాక నేలలో మిగిలే గొట్టానికి మడతబందుతో అంటిపెట్టుకున్న మూత ఉండాలి. విడి మూత మొదటి నెలలోనే పోతుంది, ఆ గుంతలో సైకిల్ ముందు చక్రం పడుతుంది. మడిచి పడుకోబెట్టే రకం కూడా వద్దు, పడుకున్నా నేల మీద గట్టులా పైకి నిలుస్తుంది, అందరి కాళ్లకూ తగులుతుంది.

వన్‌వే గురించి: అన్ని వీధులూ వన్‌వే చేస్తే ఎదురు బండి వస్తుందన్న జంకు పోయి వేగం పెరుగుతుంది, చుట్టు తిరగడం వల్ల వీధిలో బండ్ల లెక్క కూడా పెరుగుతుంది. ఏదైనా ఒక వీధిని తప్పక వన్‌వే చేయాల్సి వస్తే సైకిళ్లకు రెండు వైపులా అనుమతి ఇవ్వండి. బెల్జియంలో 2004 నుంచి తగిన వెడల్పున్న వన్‌వేల్లో ఇదే మామూలు పద్ధతి. కారు డ్రైవరూ ఎదురొచ్చే సైకిలిస్టూ ఒకరినొకరు కళ్లతో చూసుకుంటారు కాబట్టి నెమ్మది వీధిలో ఇది భయపడినంత ప్రమాదం కాదు. కూడలి నోటి దగ్గర మాత్రం సైకిల్ వచ్చే పక్కన రంగు గీత, బాణం, చిన్న దిమ్మె పెట్టాలి. మలుపు కోసుకుంటూ వచ్చే కారు ఢీకొట్టేది అక్కడే.

---

నాలుగురోడ్లు

వన్‌వే విషయంలో కొంచెం తేడాగా చెబుతాను. అన్ని వీధులూ ఒకే పద్ధతిలో వన్‌వే చేయడం తప్పే. కానీ తిన్నటి వీధిని మధ్యలో రెండు ముక్కలు చేసి, రెండు ముక్కలనూ ఎదురెదురు దిశల్లో వన్‌వే చేస్తే బొలార్డు లేకుండానే అడ్డదారి తెగుతుంది. రెండు ముక్కలూ బయటి పెద్ద రోడ్ల వైపుకే పోయేలా పెట్టాలి. అప్పుడు ఏ చివరి నుంచీ తిన్నగా లోపలికి రావడానికి వీలుండదు. బొలార్డు పెట్టలేని చోట, అంటే ఫైరింజన్‌కు అదొక్కటే దారి అయిన చోట, ఇది ఉపయోగం. ఇది నియమం పాటించేవాళ్ల మీద ఆధారపడుతుంది, రాత్రిపూట ఉల్లంఘన ఎక్కువ. కాబట్టి రెండు తిన్నటి వీధుల్లో ఒకదానికైనా గట్టి అడ్డు ఉండాలి.

---

పాదచారి

ఇంతవరకు చర్చ కారు, సైకిల్ చుట్టూ తిరిగింది. ఫుట్‌పాత్ చెడితే వీధి మొత్తం చెడుతుంది కాబట్టి అది కూడా కాస్త వివరంగా చెబుతాను.

కెర్బ్ ఎత్తు 100 మిల్లీమీటర్లు చాలు. బండ్లు ఎక్కకూడదని 200 పెడతారు, ఫలితం తలకిందులవుతుంది. వీల్‌చెయిర్ ర్యాంపుకు 12కు 1 వాలు అంటే, 100 మి.మీ. ఎత్తు దిగడానికి 1.2 మీటర్ల పొడవు కావాలి. 200కి 2.4 మీటర్లు. మీ ఫుట్‌పాత్ వెడల్పే 2.1. ర్యాంపు అందులో పట్టదు, కాబట్టి నిటారుగా కట్టేస్తారు, అది ఎవరికీ పనికిరాదు. బండ్లు ఎక్కకుండా ఆపడం కెర్బ్ పని కాదు, ఫుట్‌పాత్ మొదట్లో బొలార్డు పెట్టండి, అక్కడ కూడా ఖాళీ 1.2 మీటర్లకు తగ్గకుండా.

తరువాతిది గేట్లు. ఇల్లిల్లూ తన గేటు దగ్గర ఫుట్‌పాత్‌ను రోడ్డు మట్టానికి దించుకుంటుంది. ప్రతి పదేసి మీటర్లకు దిగి ఎక్కాల్సి వస్తే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ, తోపుడు బండి నెట్టేవాళ్లూ రోడ్డు మీదే నడుస్తారు. సరైన పద్ధతి: ఫుట్‌పాత్ మట్టం కదలకూడదు. కెర్బ్ వైపు 45 నుంచి 60 సెంటీమీటర్ల అంచులోనే వాలు రాయి పెట్టి కారును ఎక్కించాలి. అంత తక్కువలో 100 మి.మీ. ఎక్కడం కారుకు కష్టం కాదు, నెమ్మదిగా ఎక్కుతుంది, అదే కావాల్సింది. మిగిలిన ఒకటిన్నర మీటరు చదునుగా ఉంటుంది. అడ్డవాలు 50కి 1, అంటే 2 శాతం దాటకూడదు. దాటితే వీల్‌చెయిర్ రోడ్డు వైపుకు లాగుతుంటుంది, తోసే మనిషి ఒక చేత్తోనే బలమంతా పెట్టాల్సి వస్తుంది.

కొందరు ఫుట్‌పాతే తీసేసి వీధి మొత్తం ఒకే మట్టం చేద్దామంటారు. డెల్ఫ్ట్‌లో మొదలై, 1976లో నెదర్లాండ్స్ చట్టంలోకి ఎక్కిన వూనెర్ఫ్ వీధుల పద్ధతి అది. బండ్లు చాలా తక్కువగా, నడక వేగంతో వచ్చే కొస వీధుల్లో అది అద్భుతంగా ఉంటుంది. రద్దీ గంటలో 100 బండ్లు దాటే వీధిలో చేస్తే మాత్రం నడిచేవాళ్లు గోడవారకు తగ్గిపోతారు, మధ్యంతా కార్లదే అవుతుంది. చూపులేనివాళ్లకు అంచు ఎక్కడుందో తెలియదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 2009లో చేసిన ప్రయోగాల్లో కర్రకూ పాదానికీ నమ్మకంగా తెలియాలంటే అంచు కనీసం 60 మి.మీ. ఎత్తు ఉండాలని తేలింది. మీ 9 మీటర్ల వీధుల్లో 100 కెర్బ్ ఉంచేయండి. కొస వీధుల్లో ఒకే మట్టం చేస్తే 60 అంచైనా, స్పర్శకు తెలిసే గరుకు పట్టీ అయినా వదలకండి.

పేవర్ బ్లాకులు వేసేచోట, బండ్లు తిరిగే భాగానికి 80 మి.మీ. మందం, చేప ముల్లు అల్లిక వాడండి. ఇటుక గోడలా వరసలుగా పేరిస్తే బ్రేకు వేసిన ప్రతిసారీ వరస జరిగి, మలుపుల్లో సందులు తెరుచుకుంటాయి. అంచున కాంక్రీటు పట్టు లేకపోతే ఏ అల్లికైనా ఊడుతుంది. సైకిళ్లు పోయే మధ్య భాగం మాత్రం తారుతోనే ఉంచడం మేలు, బ్లాకుల మీద అదురు ఎక్కువ.

---

కెర్బ్‌రాయి

గేటు ర్యాంపు మాటకు ఒకటి కలుపుతాను. టెండరులో ఫుట్‌పాత్‌ను చదరపు మీటర్ల లెక్కన రాస్తే కాంట్రాక్టరు గేటు దగ్గర దించేస్తాడు, అది అతనికి సులువు. ఒక్కో గేటుకు అంచు వాలు రాయి ఇన్ని అని విడిగా రాసి, గేట్ల వరస సంఖ్యతో పట్టిక జతచేయండి.

---

రెండుచక్రాలు

పక్కా కట్టడం మొదలుపెట్టే ముందు ఆరు నెలలు తాత్కాలికంగా పెట్టి చూడండి. వికర్ణ వరసకు పూలతొట్లు చాలు, బరువు మాత్రం చూసుకోవాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు తొట్టిలో 60 సెంటీమీటర్ల మట్టి నింపితే దాదాపు టన్ను బరువు. ప్లాస్టిక్ తొట్టిలో సగం మట్టి పోస్తే రెండు రాత్రుల్లో పక్కకు జరిపేస్తారు. తొట్ల మధ్య ఖాళీలు అప్పుడు కూడా 1.5 మీటర్లే. ఖాళీకి ఎదురుగా బండి నిలిపి దారి మూసేయడం తరచుగా జరుగుతుంది. కాబట్టి వరసకు రెండు వైపులా 2 మీటర్ల మేర చారల రంగు వేసి, కొసన ఒక గుంజ పెట్టండి.

వేగం కొలవడానికి యంత్రం లేకపోయినా ఫరవాలేదు. కూడలికి దూరంగా, తిన్నటి భాగంలో 30 మీటర్ల ఎడంతో రెండు గీతలు గీసి, ముందు ఏ బండీ అడ్డులేకుండా వచ్చే 100 బండ్లకు స్టాప్‌వాచ్ పట్టండి. 30 కి.మీ. వేగంతో వచ్చే బండి ఆ దూరాన్ని 3.6 సెకన్లలో దాటుతుంది. 100లో 85 బండ్లకు 3.6 సెకన్లు గానీ అంతకెక్కువ గానీ పడితే వీధి సరిగ్గా పనిచేస్తున్నట్టు. పట్టకపోతే ఆ భాగంలో ఇంకో వంకరో పొడవాటి స్పీడ్ బ్రేకరో కావాలి. కొలిచే మనిషి డ్రైవర్లకు కనబడకుండా ఉండాలి, రంగు జాకెట్ వేసుకుని అంచున నిలబడితే అందరూ నెమ్మదిగానే పోతారు.

మార్పుకు ముందు ఒక వారం, తర్వాత ఒక నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు వారంలో అవే రోజుల్లో, అవే వేళల్లో లెక్కపెట్టండి. నాలుగు పెద్ద రోడ్ల మీద కూడా లెక్కపెట్టాలి. లోపలి అంకెలే చూపిస్తే బయటి రోడ్డు మీద ఉండేవాళ్లు నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. కార్లతోపాటు నడిచేవాళ్లనూ, సైకిళ్లనూ, అందులో పిల్లలెందరో, ముసలివాళ్లెందరో విడిగా రాయండి.

---

వీధిపటం

ప్లేట్ల సర్వేకు మనుషుల్ని కూడగడుతున్నాం, వన్‌వే భాగం డ్రాఫ్టులోంచి తీసేస్తున్నాం. చివరిగా ఒక్కటి: మూలల్లో చూపు అడ్డుకునే పార్కింగ్ తీసేశాక ఆ ఖాళీ చోటును మళ్లీ బండ్లు ఆక్రమించకుండా ఏం పెట్టాలి?

---

పాదచారి

కూడలికి 5 మీటర్ల లోపు కారు నిలపకూడదన్నది చాలా దేశాల నియమం. గీత గీస్తే ఆగరు. ఆ 5 మీటర్లలో సైకిల్ స్టాండ్లు పెట్టండి. తలకిందుల యు ఆకారపు ఇనుప గొట్టాలు, ఎత్తు 75 సెంటీమీటర్లు, ఒకదానికొకటి మీటరు ఎడం, ఒక్కోదానికి రెండు సైకిళ్లు. నిలిపిన సైకిళ్ల వెనక చిన్నపిల్ల వస్తున్నా వాటి సందుల్లోంచి డ్రైవరుకు కనబడుతుంది, కారు ఉంటే కనబడదు. కెర్బ్‌కు సమాంతరంగా నిలిపేలా పెడితే రోడ్డులోకి పొడుచుకురావు, ముందు చక్రం మాత్రమే పట్టే రకం స్టాండ్లు చక్రాన్ని వంచుతాయి కాబట్టి కొనకండి. కారు వైపు మొదటి గొట్టానికి ముందు ఒక బొలార్డు పాతండి, లేకపోతే పార్క్ చేసే కారు దాన్నే గుద్దుతుంది.